ఫైలు మీద చెయ్యి

“మా కోడలికి రక్తపరీక్షలో ఏమొచ్చిందమ్మా?” అంటూ ఆ పెద్దావిడ నా చేతిలోని ఫైలు మీద చెయ్యి వేసింది. ఇంకో చేతిలో టిఫిన్ క్యారేజీ. పొద్దున్నే తెనాలి నుంచి గుంటూరు బస్సెక్కిందట.

“అది మీ కోడలికే చెప్తారు అమ్మమ్మా” అన్నాను.

“నేనేమన్నా పరాయిదాన్నా?” గొంతు బొంగురుపోయింది. నాకు కళ్లు తడిశాయి.

రిపోర్టులో ఏముందో ఇక్కడా రాయను. “అంతా బాగానే ఉందిలెండి” అనేయాలని ఇలాంటప్పుడు చాలాసార్లు నోటిదాకా వస్తుంది. కానీ బాగున్నవాళ్లవి చెప్పేసి, మిగతావాళ్లప్పుడు నోరు కట్టుకుంటే ఆ మౌనమే రిపోర్టు చదివేస్తుంది కదా. అందుకే ఎవరడిగినా, ఏ పరీక్షకైనా ఒకటే జవాబు.

హెచ్‌ఐవీ విషయంలోనైతే 2017 చట్టమే ఉంది. కోర్టు ఆదేశం లాంటి కొద్ది సందర్భాల్లో తప్ప, రోగి రాతపూర్వక సమ్మతి లేకుండా మనం ఆ ఫలితం బయటపెట్టకూడదు. క్లాసులో అది రెండు మార్కుల ప్రశ్న. వార్డులో మాత్రం క్యారేజీ పట్టుకుని ఎదురుగా నిలబడుతుంది.

లోపలికెళ్లి కోడలిని మెల్లగా అడిగాను, “అత్తయ్యగారు కంగారుపడుతున్నారు, ఏం చెప్పమంటారు?” అని.

“లోపలికి రమ్మనండి. నేనే చెప్తాను” అంది.

కర్టెన్ లాగి బయటికొచ్చేశాను.