పాపిట్లో గీత: ఎనిమిది నెలల నోటుబుక్కు

నవంబరు, రెండో వారం

ఆరేళ్లుగా ఇరవై రోజులకోసారి నల్ల డై వేస్తున్నాను. జుట్టు నెలకి ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడో వారానికల్లా పాపిట్లో సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీత తేలుతుంది. ట్యూషన్ పిల్లలు తలెత్తితే ముందు చూసేది దాన్నే.

ఈమధ్య డై వేసిన మర్నాడల్లా చెవుల వెనక దురద. పెట్టె తిరగేసి ఇన్నేళ్లూ చదవని హెచ్చరిక చదివాను. కొందరికి పడకపోవచ్చు, ముందు పరీక్షించుకోండి, కనుబొమలకీ రెప్పలకీ వాడితే చూపు పోవచ్చు అని ఉంది. దురద తెప్పించేది చాలావరకు పీపీడీ, అంటే పారాఫినైలిన్ డయామిన్. ఒకసారి ఒంటికి పడలేదంటే తర్వాత వేసినప్పుడు ఇంకా ముదరొచ్చు. అందుకని దానికో దణ్ణం పెట్టేశాను. 'అమ్మోనియా లేదు' అని రాసిన పెట్టెలో కూడా పీపీడీ ఉండొచ్చని ఆ రోజే తెలిసింది.

పూర్తిగా తెల్లగా వదిలేసే ధైర్యం ఇంకా రాలేదు. రెండు నెలలకి ఒక్క ఆదివారం కంటే ఎక్కువ తినని రంగు కావాలి నాకు.

నవంబరు ఆఖరు

తల మీద ప్రయోగాలెందుకని వెంట్రుకల మీద మొదలుపెట్టాను. నావి సగం నలుపు కాబట్టి పనికిరావు. అత్తయ్య జుట్టు ముగ్గుబుట్ట, ఎప్పుడూ రంగెరగదు. వారం రోజులు ఆవిడ దువ్వెన దగ్గర కాపు కాశాను. "నా ఎంటికలతో ఏటి సేస్తావమ్మా, చేతబడా?" అన్నారు. పదిహేనేసి వెంట్రుకలు ఎర్ర దారంతో కట్టగా కట్టి, ఒక్కోదానికి ఒక్కో రంగు పెట్టి, ఎండాక నోటుబుక్కులో టేపుతో అంటించాను.

ఒట్టి గోరింటాకు, మూడు గంటలు: కొత్త రాగి చెంబు రంగు. నా వయసుకి బాగోదు.

ఇనుప మూకుడులో టీ డికాషన్‌తో నానబెట్టిన గోరింటాకు: అదే రాగి, కాస్త ముదురు.

గోరింటాకు పెట్టి కడిగాక, పైన నీలి పొడి (నీలి మొక్క ఆకు పొడి, ఇండిగో) గంటన్నర: దాదాపు నలుపు. బాగుంది కానీ రెండు దఫాల పని. పైగా నలుపు కదా, గీత మళ్లీ తేలుతుంది.

రెండూ కలిపి ఒకేసారి, రెండు గంటలు: గోధుమ రంగు. దీని పక్కన టిక్కు పెట్టాను.

ఐదోది ట్యూబులో వచ్చే సెమీ పర్మనెంట్. డెవలపర్ (రంగు పట్టించే పెరాక్సైడ్ మందు) కలపక్కర్లేదు, పూసి కడిగేయడమే. ఏడో తలంటుకి వెలిసిపోయింది. పెళ్లికో పేరంటానికో అయితే చాలు.

డిసెంబరు

నా తెలివితక్కువతనం ఒకటి రాసుకోవాలి. గోరింటాకు ఎలాగూ రాత్రంతా నానాలి కదా అని నీలి పొడి కూడా రాత్రే కలిపేశాను. పొద్దున్న కట్టకి పెడితే పాచి పట్టిన నూతి గట్టు రంగొచ్చింది. తలకి పెట్టుకుని ఉంటే సంక్రాంతి దాకా ముసుగే. గోరింటాకు నానేకొద్దీ రంగు దిగుతుంది, నీలి పొడి నానేకొద్దీ చస్తుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లలో తడిపి, పదిహేను నిమిషాలాగి వెంటనే పెట్టేయాలి.

పొడి కొనేటప్పుడు వెనక చూసేవి రెండే పేర్లు: లాసోనియా ఇనర్మిస్ గోరింటాకు, ఇండిగోఫెరా టింక్టోరియా నీలి. 'నల్ల హెన్నా' అంటే నమ్మకండి. గోరింటాకు ఒక్కటే ఎప్పుడూ నలుపు ఇవ్వదు, ఆ 'నల్ల' పొడిలో చాలాసార్లు పీపీడీయే ఉంటుంది. నేను ఏది తెచ్చినా మోచేతి మడతలో చుక్క పెట్టి రెండు రోజులు చూస్తున్నాను.

జనవరి, పండగ ముందు ఆదివారం

మొదటిసారి తలకి. భుజాల దాకా ఉన్న జుట్టుకి గోరింటాకు నూరు గ్రాములు, నీలి నూరు గ్రాములు పట్టాయి. పర్లాకిమిడి చలిలో తడి ముద్ద నెత్తిన పెట్టుకుని రెండు గంటలు కూర్చుంటే తుమ్ములే తుమ్ములు. మళ్లీసారి ప్లాస్టిక్ టోపీ మీద వెచ్చటి తువ్వాలు చుట్టాలి. ఒట్టి నీళ్లతో కడిగాను, రెండు రోజులు షాంపూ ముట్టలేదు. మొదటి రోజు రంగు ఆకుపచ్చగా, అనుమానంగా ఉంది. మూడో రోజుకి గోధుమలోకి దిగింది. దిండు గలేబు మాత్రం పోయింది.

ఫిబ్రవరి

పార్లర్ అమ్మాయి ఇంకో దారి చెప్పింది. "నానీ, హైలైట్స్ చేయిద్దాం" అంది (ఇక్కడ ఒడియాలో నానీ అంటే అక్క, సినిమా హీరో కాదు). సన్నని పాయలు అక్కడక్కడ లేతగా చేస్తే తెల్లవి వాటిలో కలిసిపోతాయి, గీత ఉండదు, మూడు నాలుగు నెలలు చూసుకోనక్కర్లేదు. ఆలోచన మంచిదే, మొదటే తెలిస్తే అదే చేసేదాన్నేమో. కానీ నీలి ఎక్కిన జుట్టు బ్లీచ్‌కి ఆకుపచ్చగా మారొచ్చు, లోహపు లవణాలు కలిసిన పొడి వాడి ఉంటే బ్లీచ్‌లో కలిపే పెరాక్సైడ్‌తో జుట్టే కాలిపోవచ్చు. గోరింటాకు, నీలి వేసుకున్నామని పార్లర్లో ముందే చెప్పాలి.

మార్చి

గీత ఉంది, కానీ వెతికితేనే కనిపిస్తోంది. పని పెంచేది తెలుపు కాదు, నలుపేనని ఇప్పుడర్థమైంది. గోధుమ రంగు పక్కన తెలుపు అంత అరవదు. ఏడో వారంలో కుదుళ్లకి మాత్రమే పెట్టాను, రెండూ ఇరవయ్యేసి గ్రాములు. చివర్ల దాకా పూస్తే పెట్టినప్పుడల్లా ముదురుతుంది. మిగిలిన గోరింటాకు ముద్ద డబ్బాలో వేసి ఫ్రీజర్లో పెట్టాను, అది పాడవదు. నీలి మిగిలితే మొక్కలకే.

మే

ఎండలకి గోరింటాకు నాలుగైదు గంటల్లోనే రంగు దిగుతోంది. పాత నల్ల డై ఉన్న కొసలు పది సెంటీమీటర్లు కత్తిరించేశాను.

జూన్

నోటుబుక్కు చూసి మా ఆయనకి మీసం మీద ఆశ పుట్టింది. మిశ్రమం ముక్కు కింద పెట్టుకుని గంటన్నర మాట్లాడకుండా కూర్చోవాలన్నాను. ఇరవయ్యో నిమిషంలో పాతపట్నం నుంచి బావగారి ఫోన్. ఎత్తారు. ముద్ద చొక్కా మీదికి రాలింది. మీసం ఎడమవైపు గోధుమ, కుడివైపు ఎప్పటి తెలుపే. మర్నాడు మొత్తం గీయించేశారు.

అత్తయ్య దువ్వెన ఇప్పుడు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటున్నారు. నా తర్వాతి కుదుళ్ల తేదీ జూలై మూడో ఆదివారం, ఫ్రీజర్లో గోరింటాకు ఒక డబ్బా ఉంది, నీలి కొనాలి.