మైనస్ 16: పాత పాఠంతో నెట్‌వర్క్ డ్రైవర్ రాసిన అనుభవం

లినక్స్‌లో నెట్‌వర్క్ డ్రైవర్ (నెట్‌వర్క్ కార్డుని నడిపే ప్రోగ్రామ్) రాయడం నేర్చుకుందామని కూర్చుంటే, చేతికి దొరికిన పాఠం లినక్స్‌కి గుండెలాంటి కెర్నల్ 2.6 వెర్షన్ తొలిరోజులది. ఆర్‌టీఎల్8139 అనే ఈథర్‌నెట్ చిప్‌కి డ్రైవర్ ఎలా రాయాలో అందులో ఉంది. ఆ కార్డు నా దగ్గర లేదు కానీ వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని అనుకరిస్తుంది. అందుకని వర్చువల్ మెషీన్‌లోనే మొదలుపెట్టాను. నా కెర్నల్ 6.1.

మొదటి కంపైల్‌కే తెర నిండా ఎర్రర్లు. ప్యాకెట్ పంపే ఫంక్షన్‌ని పెట్టే హార్డ్_స్టార్ట్_ఎక్స్‌మిట్ అనే ఫీల్డే లేదంది. 2009లో వచ్చిన 2.6.29 నుంచి అలాంటి ఫంక్షన్లకు నెట్_డివైస్_ఆప్స్ అని వేరే స్ట్రక్చర్ పెట్టారట. కార్డు గుర్తింపు సంఖ్య అయిన మ్యాక్ అడ్రస్‌ని బైటు బైటుగా రాసే లూప్ కూడా చెల్లలేదు. 5.17 నుంచి ఆ ఫీల్డు కాన్‌స్ట్, అంటే అందులో నేరుగా రాయనివ్వదు.

కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు మారకుండా ఉంటాయని కావాలనే హామీ ఇవ్వరని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. అది చదివాక విసుగు తగ్గింది. ఎర్రర్‌లో కనిపించిన పేరుని, కోడ్ మార్పుల చరిత్ర చూపే గిట్ లాగ్‌లో మైనస్ ఎస్ ఆప్షన్‌తో వెతికితే దాన్ని తీసేసిన కమిట్ (నమోదైన మార్పు) దొరికేది, ఎందుకు తీశారో కూడా చాలాసార్లు అందులోనే ఉండేది. నాకు ఇంతకన్నా మంచి గురువు దొరకలేదు.

అలా సరిచేస్తూ పోతుంటే, అర్థం కానిదల్లా పాతబడిందేనన్న నమ్మకం కుదిరిపోయింది. ప్యాకెట్ అందుకునే ఫంక్షన్ చివర, ఎంతవరకు చదివామో చిప్‌కి చెప్పే రిజిస్టర్‌లో (చిప్‌లోని చిన్న మెమరీ గడిలో) ఆ స్థానం నుంచి 16 తీసేసి రాస్తున్నారు. పక్కన కామెంట్ లేదు. ఏ పాత మెషీన్ కోసమో పెట్టి ఉంటారని ఆ మైనస్ 16 తీసేశాను.

కనెక్షన్ పనిచేస్తుందో చూద్దామని పింగ్ కొట్టాను. అవతలి మెషీన్ మ్యాక్ అడ్రస్ అడిగే ఏఆర్‌పీకి జవాబు వచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. పంపిన ప్యాకెట్ల లెక్క పెరుగుతోంది, అందినవి మాత్రం 1 దగ్గరే ఆగిపోయాయి. రెండు రాత్రులు ఇంటరప్ట్‌నీ (చిప్ కెర్నల్‌కి ఇచ్చే సంకేతం) లాకింగ్‌నీ అనుమానిస్తూ గడిపాను. చివరికి ఇంటరప్ట్ వచ్చినప్పుడల్లా స్టేటస్ ప్రింట్ చేయిస్తే రిసీవ్ బఫర్ ఓవర్‌ఫ్లో బిట్ కనిపించింది, అంటే వచ్చిన ప్యాకెట్లు పెట్టుకునే చోటు నిండిపోయిందని. 8 కేబీ బఫర్ ఒక్క ప్యాకెట్‌కే నిండిపోతుందా?

చిప్ వివరాలుండే డేటాషీట్ తెరిచాను. ఆ రిజిస్టర్ రీసెట్ అయినప్పుడు ఉండే విలువే మైనస్ 16. చిప్ మనం రాసినదానికి 16 కలుపుకుని చూస్తుంది. నేను తీసేయడంతో, తాను రాయబోయే చోటు దాటి 16 బైట్ల తర్వాత నుంచి ఇంకా చదవాల్సిన డేటా ఉందనుకుంది. దాని లెక్కలో మిగిలిన ఖాళీ 16 బైట్లే, అందులో ఏ ప్యాకెట్టూ పట్టదు.

కెర్నల్ ఎంత మారినా చిప్ మారలేదు కదా! పాఠంలో రిజిస్టర్ల గురించి ఉన్న ప్రతి మాటా ఇప్పటికీ నిజమే. మైనస్ 16 తిరిగి పెట్టగానే పింగ్ జవాబులు వరసగా వచ్చాయి. అక్కడ మూడు లైన్ల కామెంట్ రాసి, ఆ తర్వాతే లేచాను.