పదికి ఒకటి పాయింట్ మూడు

జర్మనీలో ఏ ఊళ్లోనైనా ఇల్లు తీసుకొని దిగినవాళ్లు రెండు వారాల్లోగా నగరపాలక కార్యాలయానికి వెళ్లి తమ చిరునామా నమోదు చేయించుకోవాలి. దేశం వదిలి వెళ్లేటప్పుడు మళ్లీ అదే కార్యాలయానికి చెప్పి ఆ నమోదును రద్దు చేయించుకోవాలి. 2025 ఫిబ్రవరిలో లైప్‌జిగ్ నుంచి బయలుదేరే ముందు నేనూ ఆ పని పూర్తి చేశాను. ఈ మనిషి ఇక ఇక్కడ నివసించడం లేదని రాసిన కాగితం ఒకటి చేతికిచ్చారు. దాన్ని పాస్‌పోర్టులో మడిచి పెట్టుకొని శంషాబాదులో దిగాను. అక్కడ లేనని చెప్పే కాగితం నా దగ్గర భద్రంగా ఉంది గాని, ఇక్కడ ఉన్నానని చెప్పే కాగితం సంపాదించడానికి ఆ తరువాత ఏడు వారాలు పట్టింది.

నేను హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ గణితం చదువుతున్నాను. ఏడో సెమిస్టర్ చదవడానికి విద్యార్థుల మార్పిడి కింద లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లాను. అది 1409లో మొదలైన విశ్వవిద్యాలయం. గణితవేత్త లైబ్నిట్జ్ ఆ ఊళ్లోనే పుట్టి అక్కడే చదువుకున్నాడు, మరో గణితవేత్త మోబియస్ అక్కడ పాఠాలు చెప్పాడు. వెళ్లే ముందు ఆరు నెలల పాటు ఇంట్లో మరో మాట లేదు. వీసా, ఆరోగ్య బీమా, నెలకు 992 యూరోల చొప్పున ముందే జమ చేసి చూపించాల్సిన బ్లాక్డ్ అకౌంట్, ఏ చలికోటు కొనాలి, కారప్పొడి ఎన్ని పొరల్లో చుట్టాలి అన్నదాకా ప్రతిదానికీ సలహా ఇచ్చే సీనియర్ ఒకరు దొరికేవారు. తిరిగి రావడం గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. సొంత ఇంటికి రావడానికి సన్నాహం దేనికని నాకూ తోచలేదు.

మహాశివరాత్రికి ముందురోజు హనుమకొండ చేరాను. అమ్మ నన్ను చూడగానే అన్న మొదటి మాట, "బిడ్డా, గింత బక్కగైనవేంది? ఆడ తిండి పెట్టలేదా?" నిజానికి నేను మూడు కిలోలు పెరిగి వచ్చాను, ఆ సంగతి చెప్పినా లాభం లేదని నాకు తెలుసు కాబట్టి ముందు పెట్టిన సర్వపిండి మాట్లాడకుండా తిన్నాను. మరుసటి రాత్రి మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది. చలికాలంలో జర్మనీ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి ఇక్కడ తెల్లవారుజామున రెండున్నర అయినా నా ఒంటికి అది రాత్రి పదే. లైప్‌జిగ్ హాస్టల్‌లో రాత్రి పది దాటాక కుర్చీ జరిపినా కింది అంతస్తువాళ్లు ఏమనుకుంటారోనని మునివేళ్ల మీద నడిచే అలవాటు పడ్డాను. ఇక్కడ వేయిస్తంభాల గుడి దగ్గర ఆ వేళకు మైకు మోగుతోంది, వీధిలో పిల్లలు పరుగెత్తుతున్నారు, ఉపవాసం ఉన్న అమ్మమ్మ అరుగు మీద కూర్చొని పక్కింటావిడతో కబుర్లు చెబుతోంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి చుట్టూ ఊరు ఊరంతా జాగారం చేస్తుంటే, నిద్రపట్టని నేను ఏ ప్రయత్నమూ లేకుండా అందరితో కలిసిపోయాను. వచ్చాక అంత సులభంగా దేనితోనైనా కలిసిపోయింది ఆ ఒక్క రాత్రే.

మార్చి 3, సోమవారం, క్లాసులో అడుగుపెట్టాను. అసలు చిక్కు అక్కడ మొదలైంది. అది ఎవరి దురుద్దేశం వల్లా వచ్చింది కాదు, రెండు దేశాల విద్యా సంవత్సరాలకు పొంతన లేకపోవడం వల్ల వచ్చింది. అక్కడ శీతాకాల సెమిస్టర్ పాఠాలు అక్టోబరు నడుమ మొదలై ఫిబ్రవరి మొదటి పక్షం దాకా సాగుతాయి, పరీక్షలు ఆ తరువాత. మన దగ్గర బేసి సెమిస్టర్ వానాకాలంలో మొదలై డిసెంబరు రాకముందే ముగుస్తుంది, సరి సెమిస్టర్ జనవరిలో మొదలవుతుంది. అంటే అక్కడ ఒక్క సెమిస్టర్ చదవడానికి ఇక్కడ ఒకటిన్నర సెమిస్టర్ పోతుంది. మా ఎనిమిదో సెమిస్టర్ పదహారు వారాలు. నేను వచ్చేసరికి ఎనిమిది వారాలు గడిచిపోయాయి. ఆ రోజు నుంచి ఒక్క క్లాసు కూడా వదలకుండా కూర్చున్నా నా హాజరు 50 శాతం దాటదు, పరీక్షకు కావలసింది 75. చేరిన రోజే డిటెయిన్ అయిన విద్యార్థిని నేనే అయి ఉంటాను. వెళ్లేముందు శాఖాధిపతి మేడమ్ ఇచ్చిన అనుమతి పత్రంలో "ఏడో సెమిస్టర్" అని మాత్రమే ఉంది. ఎనిమిదో సెమిస్టర్ మొదటి సగం సంగతి రాయించుకోవాలని నాకూ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. ఎవరైనా ఇలా వెళ్లబోతుంటే ఆ కాగితంలో సెమిస్టర్ సంఖ్యతో పాటు బయలుదేరే తేదీ, తిరిగి చేరే తేదీ రాయించుకోండి. చలికోటు ఎక్కడైనా దొరుకుతుంది.

మార్కుల మెమో కథ ఇంకొకటి. జర్మనీలో 1.0 అన్నిటికంటే మంచి గ్రేడు, 4.0 వస్తే పాస్, 5.0 అంటే ఫెయిల్. నాకు ఫంక్షనల్ అనాలిసిస్‌లో 1.3, ఆల్జీబ్రాయిక్ టోపాలజీలో 2.0, ప్రాబబిలిటీలో 2.3 వచ్చాయి. ఆ మెమో పట్టుకొని ఎగ్జామ్ బ్రాంచికి వెళ్లాను. కిటికీ అవతలి పెద్దాయన దాన్ని దూరంగా పట్టుకొని ఒకసారి, దగ్గరగా పట్టుకొని ఒకసారి చూశారు.

"ఏందమ్మా ఇది, పదికి ఒకటి పాయింట్ మూడా? మిగతావి సుత గట్లనే ఉన్నయి. మూడిట్ల పోయినట్టే గద!"

"కాదు సార్, అక్కడ ఒకటే అన్నిటికంటే ఎక్కువ. అంకె పెరిగేకొద్దీ గ్రేడు తగ్గుతుంది."

"మరి నాలుగొస్తే?"

"అత్తెసరు పాస్ సార్. ఐదొస్తే ఫెయిల్."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి నన్ను జాలిగా చూశారు. ఆ చూపులో అనుమానం లేదు. ఎవరో ఈ పిల్లను దూరదేశంలో మోసం చేసి పంపించారన్న బాధ ఉంది. అయినా పాపం, కంప్యూటర్‌లో 1.3 కొట్టి చూపించారు. పక్కనున్న గడిలో వెంటనే ఎర్రగా "ఎఫ్" అని పడింది. "చూసినవా, నేను కాదు, అదే అంటున్నది" అన్నారు.

దీనికి పరిష్కారం జర్మన్ల దగ్గరే ఉంది. వేరే దేశాల మార్కులను తమ గ్రేడుల్లోకి మార్చుకోవడానికి అక్కడి విశ్వవిద్యాలయాలు మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములా అనే లెక్క వాడతాయి: గరిష్ఠ మార్కుల నుంచి మనకు వచ్చినవి తీసివేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ మధ్య తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. మనకు గరిష్ఠం 10, పాస్ 4 కాబట్టి దాన్ని తిరగేస్తే చాలా చిన్న లెక్క వస్తుంది: పన్నెండులోంచి జర్మన్ గ్రేడుకు రెట్టింపు తీసేయడమే. ఆ ప్రకారం నా 1.3 మన 9.4 అవుతుంది, 2.0 ఎనిమిదవుతుంది, 2.3 అయితే 7.4. గణితం విద్యార్థిని కాబట్టి ఒక పేజీలో నిరూపణతో సహా రాసి, మేడమ్ సంతకం చేయించి, డీన్ ఆఫీసుకు ఇచ్చాను. అది అక్కడి నుంచి ఎగ్జామ్ బ్రాంచికి, ఎగ్జామ్ బ్రాంచి నుంచి మళ్లీ డీన్ ఆఫీసుకు మూడుసార్లు తిరిగింది. హాజరు సంగతి కూడా దానితోనే తేలింది: చేరిన తేదీ నుంచి లెక్కించడానికి, పోయిన ఎనిమిది వారాలకు బదులుగా ప్రతి సబ్జెక్టులో రెండేసి అసైన్‌మెంట్లు రాయడానికి ఒప్పందం కుదిరింది. హాల్‌టికెట్లు ఇచ్చే వారంలో ఆ ఉత్తర్వు వచ్చింది. అందులో "సదరు విద్యార్థిని తేది 03-03-2025న విధిగా చేరినట్లు" అన్న వాక్యాన్ని అక్కడే నిలబడి రెండుసార్లు చదువుకున్నాను.

ఇంత చెప్పి చదువు గురించి చెప్పకపోతే తప్పు. అక్కడ ఒక్కో పాఠం గంటన్నర, హాజరు తీసుకోరు. కాని ప్రతివారం ఒక లెక్కల షీటు ఇస్తారు, ఇద్దరేసి కలిసి చేసి ఇవ్వాలి, సెమిస్టర్ మొత్తం మీద ఆ షీట్లలో సగం మార్కులైనా రాకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు. ఇక్కడ పరీక్షకు అడ్డుపడేది హాజరు, అక్కడ అడ్డుపడేది షీటు. నాకు జోడీ దొరికిన అమ్మాయి పోలండ్ నుంచి వచ్చింది. మా ఇద్దరి ఇంగ్లిషూ అంతంతమాత్రమే కావడంతో బోర్డు మీద గీతలు గీసుకుంటూ మాట్లాడుకునేవాళ్లం. ఒక్కో లెక్క మూడు సాయంత్రాలు తినేది. సాయంత్రమంటే అక్కడ డిసెంబరులో నాలుగింటికే చీకటి. మూడో సాయంత్రం ఎక్కడో ఒకచోట తెగేది, లేదా తెగేది కాదు; తెగకపోతే ఎక్కడిదాకా వచ్చామో రాసి ఇచ్చినా మార్కులు పడేవి. ఎక్కడ ఆగిపోయానో దాచకుండా రాసి ఇవ్వడం నాకు ఇరవై ఒకటో ఏట కొత్తగా అబ్బిన విద్య. ఇక్కడికి వచ్చి మొదటి మిడ్‌లో అదే పని చేశాను. ఒక సిద్ధాంతం నిరూపణలో సగం దాకా వచ్చి, "ఈ అడుగు నాకు సమర్థించడం రాలేదు" అని రాసి వదిలేశాను. ఐదుకు సున్నా వచ్చింది. పక్క బెంచీ స్నేహితురాలు పేపరు చూసి తల కొట్టుకుంది: "తెల్వకపోతే ఏదో ఒకటి నింపాలె గని, తెల్వదని నువ్వే రాసిస్తవానే?"

బల్ల చప్పుడు సంగతి అంతకంటే ముందు, రెండో రోజునే జరిగింది. జర్మనీలో పాఠం ముగియగానే విద్యార్థులందరూ పిడికిలి మడిచి బల్ల మీద టకటకా తడతారు. అది వాళ్ల చప్పట్లు. నాలుగు నెలలు చేశాక అది చేతికి పట్టేసింది. ఆ రోజు సార్ కాంప్లెక్స్ అనాలిసిస్ పాఠం నిజంగానే చక్కగా చెప్పి, సుద్దముక్క పక్కన పెట్టగానే నా పిడికిలి తనంతట తాను మూడుసార్లు తట్టింది. క్లాసంతా నిశ్శబ్దం. మన దగ్గర బల్ల చరచడమంటే ఏమిటో అందరికీ తెలుసు. "ఎవరది?" అని సార్ వెనక్కి తిరిగారు. లేచి నిలబడి, అది గౌరవసూచకమని వివరించాను. ఆయన కాసేపు ఆలోచించి, "మంచిదమ్మా, ఇంక కూర్చో" అన్నారు. నమ్మారో లేదో ఇప్పటికీ తెలియదు.

హాస్టల్ గురించి ఎక్కువ చెప్పను, చెబితే కోపం వస్తుంది. లైప్‌జిగ్‌లో రాత్రి పదకొండింటికి లైబ్రరీ నుంచి ట్రామ్ ఎక్కి ఒంటరిగా వచ్చిన పిల్లను, ఇక్కడ తొమ్మిది దాటి ఐదు నిమిషాలైనందుకు రిజిస్టర్‌లో కారణం రాయమన్నారు. "లైబ్రరీలో చదువుకుంటున్నాను" అని రాశాను. అబ్బాయిల హాస్టల్‌కు ఆ రిజిస్టరే లేదు. వెళ్లకముందు కూడా ఈ గేటు తొమ్మిదికే మూసేవారు, అప్పుడు నాకు అది కనిపించలేదు.

స్నేహితులతో కలవడానికి పట్టిన కాలం దేనికీ పట్టలేదు. నేను లేనప్పుడు వాళ్లు ఒక ప్రాజెక్టు చేశారు, ఒక గొడవ పడి రాజీపడ్డారు, ఒకరికి మారుపేరు పెట్టారు. ఆ పేరు వినబడగానే అందరూ నవ్వుతారు, నేను అర క్షణం ఆలస్యంగా నవ్వుతాను. నా వైపు తప్పూ ఉంది. మొదటి రెండు వారాలు నేను ఏ మాట ఎత్తినా "అక్కడైతే" అనే మొదలయ్యేది. క్యాంటీన్‌లో ఒకరోజు టీ తాగుతూ నేను నోరు తెరవబోతుంటే ముగ్గురూ ఒకేసారి "అక్కడైతే..." అని రాగం తీశారు. ఆ తరువాత ఆ మాట మానేశాను. అడిగితేనే చెబుతున్నాను, అడిగేవాళ్లు తక్కువని కూడా అప్పుడే తెలిసింది.

అక్కడి ముప్ఫై క్రెడిట్లతో ఇక్కడి ఏడో సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు తీరాయి. న్యూమరికల్ అనాలిసిస్, దాని ల్యాబు మిగిలాయి. అందుకని తొమ్మిదో సెమిస్టర్‌లో ఉన్న నేను వారానికి నాలుగు రోజులు జూనియర్ల క్లాసులో కూర్చుంటున్నాను. మొదట్లో "అక్కా, మీరు సప్లీనా?" అని అడిగేవారు. ఔనన్నా కాదన్నా చాలా కథ చెప్పాలి కాబట్టి తలూపి ఊరుకునేదాన్ని. ఇప్పుడు వాళ్లలో ఇద్దరు నాతో కలిసి వారానికొక షీటు చేస్తున్నారు. ఎవరూ ఇవ్వమనలేదు, మార్కులు లేవు. పుస్తకం చివరి అభ్యాసాల్లోంచి నాలుగు లెక్కలు నేనే ఏరుతాను, బుధవారం క్యాంటీన్ మూసేదాకా కూర్చుంటాం, తెగనిచోట తెగలేదని రాసుకుంటాం. ఈ వారం సమీకరణాల మూలాలు వెతికే న్యూటన్ పద్ధతి ఎప్పుడు దారి తప్పుతుందన్న మూడో లెక్క దగ్గర ఆగాం. తొమ్మిదికి పది నిమిషాలు ఉందని చిన్నమ్మాయి గుర్తుచేస్తే కాగితాలు సంచిలో వేసుకొని గేటు వైపు పరుగెత్తాం.