హోరు ఒకచోట, జబ్బు ఇంకోచోట

తెల్లవారుజామున మూడున్నరకి బాబాయి లారీ స్టార్ట్ చేయగానే నాకు సగం నిద్ర, మొత్తం ధైర్యం రెండూ పోయాయి. బానెట్ కింద గాలివాన పట్టినట్టు ఒకటే హోరు. లారీ వయసు 26 ఏళ్ళు. వెనక మా ఇంటి సామాను మొత్తం ఉంది, ముందు 430 కిలోమీటర్ల దారి.

"బాబాయ్, ఏంటిది ఇట్లా అరుస్తోంది?"

"ఆగరా. నూరు లెక్కపెట్టు."

డెబ్భై దాకా వచ్చానో లేదో, ఎవరో తలుపు వేసినట్టు హోరు తగ్గిపోయింది. బాబాయి నా వంక చూడనైనా చూడకుండా గేరు వేశాడు. ఊరు దాటాక చెప్పాడు. ఈ బండిలో రేడియేటర్ ఫ్యాను తిన్నగా ఇంజన్‌లో నీళ్ళు తిప్పే వాటర్ పంపుకి బిగించి ఉండదు, మధ్యలో ఫ్యానుని కలిపి విడదీసే ఒక క్లచ్చి ఉంటుంది. దాని లోపల చిక్కటి సిలికాన్ నూనె. బండి రాత్రంతా ఆగి ఉంటే ఆ నూనె జారి పలకల మధ్య చేరుతుంది. పొద్దున్నే అది తిరిగి తన అరలోకి వెళ్ళేదాకా ఫ్యాను కూడా ఇంజన్‌తో దాదాపు సమానంగా తిరుగుతుంది, అదే ఆ హోరు. నిమిషం, నిమిషంన్నరలో పోతే దాని గురించి ఆలోచించక్కర్లేదట. నేను సరేనన్నాను గానీ చెవులు మాత్రం ఆ హోరు మీదే పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నేను చేసిన మొదటి పొరపాటు అదే.

గంట తర్వాత చినుకులు మొదలయ్యాయి. హెడ్‌లైట్లు, వైపర్లు, అద్దం మీద మంచు పోవడానికి బ్లోయరు, అన్నీ ఒకేసారి నడుస్తున్నాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ముందు నుంచి కీ...చుమని ఒక అరుపు. బాబాయి పక్కకి ఆపి, ఇంజన్ ఆపకుండానే లైట్లూ బ్లోయరూ ఆర్పి రేజ్ చేశాడు. అరుపు లేదు. అన్నీ వేసి రేజ్ చేశాడు. అరిచింది.

"డైనమో మీద బరువు పడితే బెల్టు జారుతోంది. దిగు."

ఇంజన్ ఆపి టార్చి వేసి చూశాం. డైనమోనీ, ఫ్యాను ఉన్న పంపునీ తిప్పేది ఆ ఒక్క బెల్టే. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే బెల్టు అంగుళం పైనే కుంగింది. అరంగుళానికి మించి కుంగకూడదని బాబాయి చెప్పి, పట్టా తాడు వదులైందని వెనక్కి వెళ్ళాడు. డైనమో బోల్టు వదులు చేసి, రాడ్డుతో దాన్ని వెనక్కి లాగి బిగించడం నా పని. లాగాను. ఇంకాస్త లాగితే ఇక జన్మలో అరవదు కదా అనిపించి ఇంకాస్త లాగాను. చివరికి బొటనవేలు కాదు, అరచేయి పెట్టి నొక్కినా బెల్టు కదల్లేదు. మీటితే వీణ తీగలా పలికింది. నాకది మహా గొప్పగా అనిపించింది. ఇది రెండో పొరపాటు.

వెలుతురు వచ్చేసరికి వాన ఆగింది, అరుపూ లేదు. మధ్యలో ఓ రైల్వే గేటు పడింది. బండి ఐడిల్‌లో నిలబడి ఉండగా ఎక్కడో పిట్ట కూత. కిచ్, కిచ్, కిచ్. ఒకే తాళం. కిటికీలోంచి తల పెట్టి చెట్టు కొమ్మల్లో వెతికాను కూడా. గేటు తీశారు, బండి కదిలింది, కూత వేగంగా మోగి ఇంజన్ మోతలో కలిసిపోయింది. నా చెవులు పెద్ద చప్పుడు కోసం కాచుకుని ఉన్నాయి కాబట్టి చిన్నదాన్ని పిట్టకి అంటగట్టేశాను.

పదిన్నరకి ఘాట్ ఎక్కడం మొదలైంది. రెండో గేరు, నడక కంటే కాస్త ఎక్కువ వేగం, పైన ఎండ. టెంపరేచర్ ముల్లు మధ్య గీత దాటింది. నేను ముల్లునే చూస్తున్నాను. ఇంకొంచెం పైకి వెళ్ళింది. నాలుగో మలుపు దగ్గర ఒక్కసారిగా పొద్దుటి హోరు మళ్ళీ లేచింది.

"బాబాయ్, ఆపు!"

"ఎందుకాపడం? ఇది రాకపోతే ఆపాలి. ముల్లు చూడు."

రెండు మలుపులు తిరిగేలోపు ముల్లు వెనక్కి దిగింది. క్లచ్చి ముఖం మీద చుట్టలా ఒక స్ప్రింగు ఉంటుంది. అది రెండు లోహాలు అతికించి చేసింది. రేడియేటర్ లోంచి వచ్చే గాలి బాగా వేడెక్కితే ఆ స్ప్రింగు మెలి తిరిగి లోపలి ద్వారం తెరుస్తుంది, నూనె పలకల మధ్యకి వస్తుంది, ఫ్యాను అందుకుంటుంది. రోడ్డు మీద వేగంగా పోతుంటే ఎదురుగాలే చాలు, ఫ్యానుతో పెద్దగా పని ఉండదు. ఎక్కుడులో ఎదురుగాలి ఉండదు, వేడి మాత్రం రెట్టింపు. అప్పుడు హోరు రావాలి. వేడి తగ్గాక పోవాలి. చల్లటి బండిలో కూడా పొద్దస్తమానం హోరు పెడుతుంటే క్లచ్చి పట్టేసినట్టు. అలాంటి బండి డీజిల్ ఊరికే తాగుతుంది. ఫ్యాను వేగం రెండింతలైతే దాన్ని తిప్పడానికి 8 రెట్ల శక్తి కావాలి మరి. ఎక్కుడులో అసలు హోరే రాకుండా ముల్లు పైకి పోతుంటే క్లచ్చి పట్టు వదిలేసినట్టు. మా బండిది రెండూ కాదు. పొద్దుటి నుంచి నేను భయపడుతూ వచ్చిన చప్పుడు ఈ బండిలో అన్నిటికన్నా ఆరోగ్యంగా ఉన్న భాగానిది.

ఘాట్ పైన చదునులో ఆపాం. ఇంజన్ ఐడిల్‌లో ఉంది. పిట్ట మళ్ళీ కూసింది. ఈసారి చుట్టుపక్కల చెట్లు లేవు.

బాబాయి మొహం మారింది. "ఇది ఎప్పట్నుంచి?"

రైల్వే గేటు సంగతి చెప్పాను. ఏమీ అనలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, మెడలో తువ్వాలు తీసి సీటు మీద పడేసి, నన్ను ఫ్యాను అంచుకి ఎదురుగా నిలబడొద్దని పక్కకి తోశాడు. రెక్క ఊడితే వచ్చేది ఆ దిక్కుకేనట. సీసా మూతకి చిల్లి పెట్టి, దూరం నుంచే తిరుగుతున్న బెల్టు లోపలి వైపు నీళ్ళు చిమ్మాడు. కూత ఠక్కున ఆగింది. నా మొహం వెలిగింది. ఏడెనిమిది సెకన్లు. మళ్ళీ కిచ్, కిచ్.

"నీళ్ళు పడితే అరుపు పెరిగితే బెల్టు జారుతున్నట్టు. ఆగి మళ్ళీ వస్తే వంకరగా తిరుగుతున్నట్టు."

తర్వాత ఒక పొడవాటి ఇనపకడ్డీ తెచ్చి, ఫ్యానుకి దూరంగా పక్క నుంచి దాని కొన డైనమో ఒంటికి ఆనించి, రెండో కొన చెవి దగ్గర బొటనవేలి మీద పెట్టుకున్నాడు. నన్నూ వినమన్నాడు. డైనమోలో తుమ్మెద ఝుంకారం లాంటి నున్నటి మోత. కడ్డీ జరిపి వాటర్ పంపు ఒంటి మీద పెట్టాడు. గరగర. చాటలో రాళ్ళు చెరుగుతున్నట్టు. బయటికి పిట్ట కూతలా వినిపించేదాని వెనక ఇంత గరుకుదనం ఉందని నేను ఊహించలేదు.

ఇంజన్ ఆపి గంటసేపు చల్లారనిచ్చాం. బెల్టు మీద చెయ్యి వేసిన బాబాయి నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "బిగించమంటే ఉరి బిగించావు కదరా." బెల్టు తీసి పక్కన పెట్టి ఇంజన్ అర నిమిషం నడిపాడు. బెల్టు లేకపోతే పంపు తిరగదు కాబట్టి అంతకన్నా ఎక్కువ నడపకూడదు. ఆ అర నిమిషమూ కూత లేదు, గరగర లేదు. అంటే రోగం బెల్టు తిప్పే వాటిలోనే. డైనమో పుల్లీని వేలితో తిప్పితే మెత్తగా తిరిగి ఆగింది. ఫ్యాను రెక్కలు ఎదురెదురుగా రెండు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్, టక్. ఆ వదులు క్లచ్చిదా పంపుదా అని నేనడిగాను. ఆ రోజు నేనడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. బాబాయి రెక్కలు వదిలి పంపు పుల్లీనే పట్టుకుని ఊపాడు. అదే టక్, టక్. పంపు అడుగున, బేరింగుకి కిందగా, బఠాణీ గింజంత రంధ్రం ఉంటుంది. సీలు పోతే నీళ్ళు బేరింగులోకి పోకుండా బయటికి రావడానికి. దాని కింద పచ్చగా ఎండిన చార. వేలు పెడితే తడి తగిలింది.

బేరింగు ఎప్పుడో అరిగింది. బెల్టు వదులుగా ఉన్నన్నాళ్ళు నెట్టుకొచ్చింది. నేను రాడ్డుతో లాగిన లాగుకి ఇరుసు పక్కకి ఒరిగి, పుల్లీ వంగి, బెల్టు గాడి అంచుని రాసుకుంటూ కూసింది.

"ఇక దిగుడే కదా బాబాయ్, మెల్లగా పోదాం" అన్నాను.

"బేరింగు విరిగితే ఫ్యాను ముందుకొచ్చి రేడియేటర్‌లో దిగుతుంది. తర్వాత నువ్వు తోస్తావా?"

అటుగా పోతున్న వేరే లారీ ఎక్కి బాబాయి కిందికి వెళ్ళాడు. కొత్త పంపు, ప్యాకింగు, బెల్టు, కూలెంట్ డబ్బాతో తిరిగొచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర. అంతసేపూ నేను సామాను మీద నిద్రపోవడం తప్ప చెప్పుకోదగ్గ పని ఏమీ చేయలేదు.

పంపు మార్చడం పెద్ద కథ కాదు, ఫ్యాను నట్టు తప్ప. నేను ఊపిరి బిగబట్టి తిప్పుతున్నా కదలదే! ఈ బండిలో దాని మరలు రివర్సట, నేను విప్పుతున్నాననుకుని ఇంకా బిగిస్తున్నాను. తీసిన క్లచ్చిని నేల మీద పడుకోబెట్టబోతే బాబాయి లాక్కుని, బండిలో ఎలా ఉంటుందో అలాగే నిలువుగా చక్రానికి ఆనించాడు. పడుకోబెడితే లోపలి నూనె కారిపోవచ్చట. కొత్త బెల్టు బిగించేటప్పుడు రాడ్డు నాకివ్వలేదు. బొటనవేలితో నొక్కి చూసి, అర్ధగంట నడిపాక ఆపి, కొత్త బెల్టు సాగుతుందని మళ్ళీ ఒకసారి సరిచేశాడు.

రాత్రి ఘాట్ దిగాం. హోరు లేదు, కూత లేదు. పాత పంపుని పారేయకుండా బాబాయి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. మలుపు తిరిగినప్పుడల్లా అది ఈ మూల నుంచి ఆ మూలకి దొర్లి, దాని బేరింగు గరగరమంటోంది. మూడో మలుపులో దాన్ని కాలితో అదిమిపెట్టి నిద్రపోయాను.