లాసెట్ చదువు, పెద్దమ్మ నోటీసు
ఇంటర్ అయిపోగానే హన్మకొండలో ఎవరు కలిసినా ఎంసెట్ గురించే అడుగుతున్నారు. నేను ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం లాసెట్ అనే ప్రవేశ పరీక్షకు చదువుతున్నా. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. జీకే, కరెంట్ అఫైర్స్‌కు రోజూ పేపర్ చదువుతున్నా. సగం మార్కులు లా ఆప్టిట్యూడ్‌వే. నాకు మనసు పడింది మాత్రం రాజ్యాంగం మీద.

మొన్న పెద్దమ్మకు తోడుగా అదాలత్ దాకా వెళ్లాను. భూమి తగాదా. నోటీసు కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది, దాన్ని కొంగు ముడిలోంచి తీసి "బిడ్డా, ఇండ్ల ఏం రాసిన్రు?" అంది. వాయిదా తేదీ చదివి చెప్పాను. వకీలుకు ఫీజు యాడికెల్లి తేవాలని ఆమె దిగులు. అప్పుడే చదివిన రాజ్యాంగం 39ఏ అధికరణం గుర్తొచ్చింది, ఉచిత న్యాయ సహాయం. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆ సహాయం అడిగే హక్కుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇచ్చి వచ్చాం. పుస్తకంలో ఒక్క లైను, పెద్దమ్మకు ఎంత ధైర్యమో! ఆ రోజు నుంచి ఈ చదువంటే నాకు మరింత ఇష్టం.

లాసెట్ రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. పాత గైడ్లలో ఇంకా ఐపీసీ 302, 420 అనే ఉంటుంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు శిక్ష ఇప్పుడు 103, మోసం 318. సెకండ్ హ్యాండ్ పుస్తకం కొనేముందు అది ఏ ఏడాదిదో చూసుకోండి.