బీపీ పుస్తకం: అంకెల పక్కన మరో గడి

బీపీ అంకెలు రాసుకుని గ్రాఫు గీయడం నాకు ఇప్పుడు ఇష్టమైన వ్యాపకం. ఉదయం 148/92, మధ్యాహ్నం 126/80, సాయంత్రం మళ్లీ 150 పైకి. ఒకే రోజులో ఇంత తేడా ఎందుకో తెలుసుకోవాలన్న పట్టుదలతోనే దీన్ని మొదలుపెట్టాను.

ముందు కొలిచే పద్ధతిని ఖాయం చేసుకున్నాను. అది రోజుకో రకంగా ఉంటే, మారింది బీపీయో పద్ధతో తేలదు. జబ్బ చుట్టుకొలతను టేపుతో చూసి, దానికి సరిపోయే బీపీ మిషన్ పట్టీ తీసుకున్నాను. పట్టీ చిన్నదైతే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రెండు చేతులకూ కొలిస్తే కుడిచేతికి కాస్త ఎక్కువ వచ్చింది కాబట్టి ఎప్పుడూ ఆ చేతికే. కొలవడానికి ముందు అరగంట కాఫీ, వ్యాయామం లేవు. మూత్రానికి వెళ్లివచ్చి, వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చుంటాను. చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాస్తాను.

అసలు మేలు చేసింది అంకెల పక్కన గీసిన ‘సందర్భం’ గడి. అందులో ఒక వరుస ఇలా ఉంది: ‘సాయంత్రం, 152/94, ఫోనులో వాదన అయిన వెంటనే’. దాని కిందే ‘కాసేపటికి, 137/86, మాట్లాడకుండా’. నిద్ర చాలని రాత్రి, నొప్పి, ఆలస్యంగా వేసుకున్న మాత్ర, ఉప్పు ఎక్కువైన భోజనం అన్నీ ఆ గడిలోకే వెళ్తాయి. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు, ముక్కుదిబ్బడ మందులు కొన్ని బీపీని పెంచగలవు, వాటినీ రాస్తాను. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పచ్చళ్లు, ప్యాకెట్ తిండిలోని ఉప్పూ ఆ లెక్కలోకే వస్తుంది.

ఇప్పుడు ఒక్క అంకెను చూసి కంగారు పడటం లేదు. వారం రోజులు ఉదయం, సాయంత్రం కొలిచి, మొదటి రోజువి వదిలేసి, మిగిలినవాటికి సగటు తీస్తాను. ఆసుపత్రిలో 140/90 హద్దు అయితే, ఇంట్లో తీసిన సగటుకు 135/85 హద్దు. ఆ సగటునే డాక్టరుకు చూపిస్తాను. ఒకరోజు తక్కువ వచ్చిందని మాత్ర మానడం, ఎక్కువైందని ఇంకోటి వేసుకోవడం ప్రమాదం, ఆ జోలికి పోను. పుస్తకం అట్ట లోపల పెద్ద అక్షరాలతో ఒకటి రాసిపెట్టాను: 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు చేయి పట్టు తప్పడం, చూపు మసకబారడం వంటివి ఏవైనా ఉంటే మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లాలి.

గ్రాఫులో ఇంకా ఖాళీగా ఉన్నది రాత్రి భాగం. నిద్రలో బీపీ సాధారణంగా పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. నాకు తగ్గుతోందో లేదో ఈ మిషన్ చెప్పలేదు. 24 గంటలు ఒంటి మీదే ఉండి తనంతట తానే కొలిచే పరికరం నాకు అవసరమా అని ఈసారి డాక్టరును అడుగుతాను. పెడితే రాత్రి గీతను వేరే రంగుతో కలుపుతాను.