మా అమ్మమ్మ వరస ఏ పాటది?

మా ఇంట్లో ఒక వరస ఉంది. దానికి మాటలు లేవు. పిల్లలిద్దరూ నెలల పిల్లలుగా ఉన్నప్పుడు భుజాన వేసుకుని డాలస్ అపార్ట్‌మెంట్‌లో అటూ ఇటూ తిరుగుతూ నేను తీసిన కూనిరాగం అది. నాకు మా అమ్మ తీసింది, అమ్మకు అమ్మమ్మ తీసింది. అమ్మమ్మ నాటికి దానికి మాటలుండేవి. నా దాకా వచ్చేసరికి మిగిలినవి "ఊఁ ఊఁ"లు, మధ్యలో ఎక్కడో "రాత్రి" అనే మాట, ఆ "రాత్రి" దగ్గర గొంతు కాస్త సాగి కిందికి దిగడం. అంతే.

ఇన్నేళ్ళూ అది సరిపోయింది. నిద్రకు ఏడ్చే పిల్లలు సాహిత్యం అడగరు.

పెద్దది ఐదో తరగతిలో అడిగింది. బడిలో మ్యూజిక్ టీచర్, ఇంట్లో పెద్దవాళ్ళు పాడే పాట ఒకటి నేర్చుకుని రమ్మన్నారట. సినిమా పాట కాకూడదు, రికార్డుల్లో విని నేర్చుకున్నదీ కాకూడదు. ఇచ్చిన కాగితంలో గళ్ళున్నాయి: పాట పేరు, ఏ భాష, ఎవరు కట్టారు, ఎప్పుడు పాడతారు. సంగీతం క్లాసులో నేర్చుకున్న కీర్తన ఉంది కదా, అది పాడేయమన్నాను. "అది టీచర్ నేర్పింది. నువ్వు తమ్ముడికి పాడేది కావాలి" అంది. దాని మాట నిజమే.

ఈ హోంవర్క్ వెనక ఒక పెద్దమనిషి ఉన్నాడని తర్వాత తెలిసింది. హంగరీ స్వరకర్త జోల్తాన్ కొడాయ్ (1882–1967). ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బేలా బార్తోక్‌తో కలిసి ఊళ్ళు పట్టుకు తిరిగి, రైతులు పాడే పాటల్ని ఫోనోగ్రాఫ్ మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశాడు. పిల్లలకు సంగీతం తల్లిభాషలోని జానపద గీతాలతోనే మొదలుపెట్టాలని ఆయన పట్టు. అమెరికాలో చాలా ప్రాథమిక బడుల్లో ఇప్పటికీ ఆ పద్ధతే. చేతి సైగలతో దో రే మీ చెప్పిస్తారు, తర్వాత చిన్న చిన్న జానపద గీతాలు పాడిస్తారు. ఆయన పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో చూసి మా ఆయన "కొడాలి వాళ్ళా? అయితే కృష్ణా జిల్లానే" అన్నాడు. ఇంట్లో ఆయన పేరు కొడాలిగారుగానే స్థిరపడిపోయింది.

పిల్ల మొదట ఫోన్‌నే నమ్ముకుంది. కూనిరాగం తీస్తే పాట పేరు చెప్పే సదుపాయం గూగుల్ 2020 అక్టోబరులో తెచ్చింది. నన్ను సోఫాలో కూర్చోబెట్టి ఫోన్ నోటి దగ్గర పెట్టింది. పాడాను. మొదటిసారి ఏదో స్పానిష్ పాట చూపించింది, రెండోసారి ఒక హిందీ సినిమా పాట. నా గొంతు బాలేదని తనే పాడింది. ఈసారి ఒక కంట్రీ పాట వచ్చింది. వాళ్ళ నాన్నకు నవ్వాగలేదు. అది పనిచేసే తీరే అంత మరి. మన రాగం ఎక్కడ ఎంత ఎక్కిందో ఎంత దిగిందో అంకెల వరసగా మార్చుకుని, తన దగ్గరున్న రికార్డు పాటలతో పోల్చి చూస్తుంది. అమ్మమ్మ ఏ కంపెనీకీ రికార్డు ఇవ్వలేదు. పెరట్లో బాదం చెట్టు కింద చీర ఉయ్యాల ఊపుతూ పాడిందాయె.

ఇక మిగిలింది మనుషులే. ముందు అమలాపురంలో అమ్మకు ఫోన్ చేశాం. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ పొద్దున్న ఏడున్నర, పాలవాడు, పనిమనిషి, కుక్కర్ కూతలు. "అది జోలపాటేనే. కృష్ణుడు పుట్టిన పాట. మాటలు నోటిదాకా వస్తున్నాయి, రావట్లేదు" అంది. వీడియోలో మేమిద్దరం గుడ్లప్పగించి చూస్తుంటే ఆవిడకు టెన్షన్ పెరిగిపోయి, ఆ రెండు ముక్కలూ కూడా మర్చిపోయింది. హైదరాబాదులో ఉన్న అత్తయ్యను అడిగాం. ఆవిడది కరీంనగర్. రెండుసార్లు విని, "గిది మా బతుకమ్మ పాట తీరే ఉంది గద బిడ్డా" అంటూ ప్రతి పాదం చివరా "ఉయ్యాలో" తగిలించి ఒక పాట పాడేసింది. విచిత్రం ఏంటంటే అతికినట్టు సరిపోయింది. చప్పట్లకు తగ్గట్టు నడక కాస్త వేగం అయింది, అంతే తేడా.

దాంతో పిల్ల అయోమయంలో పడింది. "మరి ఇది ఎవరి పాట? అమ్మమ్మదా, నానమ్మదా?"

మాటలు దొరికింది దొడ్డమ్మ దగ్గర. రాజమండ్రిలో ఉంటుంది, అమ్మకంటే పెద్దది. మొదటిసారి అడిగితే ఆవిడా "ఇప్పుడెక్కడ గుర్తుంటాయే, ముసలిదాన్నయిపోయాను" అని తప్పించుకుంది. మర్నాడు మా అక్క ఏదో పని మీద వెళ్ళి, తన ఫోన్ నుంచి మాకు కాల్ కలిపి, గట్టు మీద పెట్టి మాటల్లో పడింది. దొడ్డమ్మ గడప దగ్గర కూర్చుని కార్తీకమాసానికి వత్తులు చేస్తోంది. విభూతి అద్దుకున్న వేళ్ళ మధ్య దూది సాగుతోంది, తొడ మీద అరచెయ్యి ముందుకీ వెనక్కీ ఆడుతోంది. మేం అవతల ఉన్నామన్న ధ్యాసే లేదు. ఆ చెయ్యి ఊపుకు తగ్గట్టు మొదలుపెట్టింది:

"కస్తూరి రంగ రంగా, నాయన్న
కావేటి రంగ రంగా..."

నాకు ఒళ్ళు జలదరించింది. నాలుగైదు చరణాలు దాటాక వచ్చింది, నా దగ్గర మిగిలిన ఆ ఒక్క మాట ఉన్న చోటు:

"ఏడు రాత్రులు చేరిచి, ఒక రాత్రి
ఏకరాత్రిగ జేసెను..."

"రాత్రి" దగ్గర గొంతు సాగింది, కిందికి దిగింది. పిల్ల నా మోచెయ్యి పట్టుకుని నొక్కేసింది.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఇవి ఊరికే కూర్చుని పాడిన పాటలు కావు. దంపుతూ పాడేవి, విసురుతూ పాడేవి, ఊపుతూ పాడేవి. ఊతపదం వింటేనే ఏ పనిలో పుట్టిన పాటో తెలిసిపోతుంది: సువ్వి అంటే రోకటి పాట, ఉయ్యాలో అంటే బతుకమ్మ, గొబ్బియళ్ళో అంటే సంక్రాంతి ముగ్గు, జోజో అంటే ఉయ్యాల. చెయ్యి ఆగితే పాటా ఆగుతుంది. రైస్ మిల్లు వచ్చాక దంపుళ్ళ పాటలు మాయమైంది ఆడవాళ్ళు మర్చిపోయి కాదు, రోకలి ఆగిపోయి. మా అమ్మను సోఫాలో కూర్చోబెట్టి గుర్తు చేసుకోమనడం కంటే, చేతికి చిక్కుడుకాయలు ఇచ్చి ఈనెలు తియ్యమంటే పని జరిగేదేమో.

మాటలు దొరికాయి కదా, ఇంకేం, అనుకుని ఇంటర్నెట్‌లో వెతికాను. తెలుగు ఇళ్ళల్లో బాగా తెలిసిన పాటే. పాడినవాళ్ళూ చాలామంది ఉన్నారు. కానీ నేను విన్న వాటిలో ఏదీ మా వరస కాదు! మాటలు అవే, కృష్ణుడూ అదే చెరసాలలో అదే అష్టమి నాడు పుడుతున్నాడు, కానీ రాగం వేరు. దొడ్డమ్మకు వినిపిస్తే "ఇదీ బానే ఉంది. మా అమ్మ అలా పాడేది కాదు" అని ఊరుకుంది. ఆవిడకు అదేం పెద్ద విశేషంగా తోచలేదు. ఒకే పాట నాలుగు వరసల్లో పాడటం, ఒకే వరసలో నలభై పాటలు పాడటం వాళ్ళకు మామూలు. కొత్త పాట వింటే "ఏ వరసలోనే?" అని అడిగేవారట.

పాత స్త్రీల పాటల పుస్తకాల స్కానులు తిరగేశాను. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాల మీద పరిశోధన చేసి 1950ల్లో ఉస్మానియాలో డాక్టరేట్ పొందారు. ఆయనా, నేదునూరి గంగాధరంగారూ, వాళ్ళలాంటి వాళ్ళూ ఊళ్ళు తిరిగి రాసుకుని ఉండకపోతే మాటలైనా మిగిలేవి కావు. కానీ అచ్చులో ఎక్కువగా దొరికేది మాటలే. మహా అయితే పైన ఒక రాగం పేరూ తాళం పేరూ ఉంటాయి. స్వరాలు రాసి ఉంచినవి అరుదు. ఆ పని పట్టుదలగా చేసినావిడ వింజమూరి అనసూయాదేవి. జానపద గీతాలకు స్వరాలు రాసి పుస్తకాలు వేశారు. ఆవిడ 2019లో కన్నుమూసింది మాకు నాలుగు గంటల దూరంలో ఉన్న హ్యూస్టన్‌లోనే.

వరస సంగతి తేల్చుకుందామని పిల్లకు సంగీతం చెప్పే మేడంగారిని అడిగాం. కళ్ళు మూసుకుని విన్నారు. "నవరోజు ఛాయ ఉంది. కానీ నవరోజు అని రాయకండి" అన్నారు. కర్ణాటక సంగీతంలో నవరోజు, కురంజి, పున్నాగవరాళి, నాదనామక్రియ లాంటి రాగాలు కొన్నున్నాయి, అవి పై షడ్జం దాకా, అంటే పిల్ల బడి భాషలో పై దో దాకా, పోవు. పంచమం దగ్గరో ధైవతం దగ్గరో నిషాదం దగ్గరో ఆగి వెనక్కి తిరుగుతాయి. జోలపాటలకీ లాలిపాటలకీ ఇవి బాగా వాడుక. పిల్ల అప్పటికే తన పద్ధతిలో అదే కనిపెట్టేసింది. నోట్‌బుక్కులో దొడ్డమ్మ పాడింది ఒక గీతగా, అత్తయ్యది ఇంకో గీతగా, నాది మూడో గీతగా ఎక్కుడూ దిగుడూ బొమ్మ వేసుకుంది. "చూడమ్మా, ముగ్గురిలో ఎవరూ పై దో దాకా వెళ్ళలేదు. అందరూ ఇక్కడే దిగిపోయారు." నేను ఇన్నాళ్ళూ మాటల కోసం తవ్వాను. తను మాటలు సగం అర్థం కాక రాగాన్నే పట్టుకుంది. నిద్రపోతున్న బిడ్డ పక్కన ఎవరు పై స్థాయిలో పాడతారని నేను అంటే, "మేక్స్ సెన్స్" అంది.

అర్థం చెప్పేటప్పుడే అసలు చిక్కు వచ్చింది. ఈ పాటలో కృష్ణుడి పుట్టుక మామూలుగా ఉండదు. "ఎదురు కాళ్ళను బుట్టెను, ఏడుగురు దాదులను జంపెనపుడు" అని ఒక ముక్క ఉంది. తల ముందు వస్తే తనకు మోసమని, కాళ్ళు ముందుగా పుట్టి, కంసుడు పెట్టిన మంత్రసానుల్ని చంపేస్తాడు. పిల్ల నోరు తెరిచింది. "ఇది పాడి తమ్ముణ్ణి నిద్రపుచ్చావా?" నేను పాడింది ఊఁ ఊఁలే కదా అన్నాను. కాసేపు ఆలోచించి తనే రాజీ పడింది: ఇక్కడి "రాక్ ఎ బై బేబీ"లోనూ కొమ్మ విరిగి ఉయ్యాలతో సహా పిల్లాడు కిందపడతాడట, ఎవరూ ఏమీ అనరట. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకుంటే నడుం పట్టు వదులుతుందని మా ఊళ్ళో నమ్ముతారని చెబితే మాత్రం, ఏడుగురు దాదులనూ మర్చిపోయి, వాళ్ళ క్లాసులో అలా పుట్టినవాళ్ళెవరో కనుక్కుంటానని బయల్దేరింది. వద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక మాట అనాలి. మనం శనాదివారాలు పిల్లల్ని కారెక్కించుకుని తెలుగు బడికి, సంగీతానికి, కూచిపూడికి తిప్పుతాం. తప్పేం లేదు, నేనూ తిప్పుతున్నాను. కానీ మనం మోసుకొచ్చి పిల్లలకు ఇస్తున్నవన్నీ వేదిక ఎక్కేవీ, సర్టిఫికెట్ వచ్చేవీ. వంటింటి పాటకు లెవెల్ వన్, లెవెల్ టూ లేవు. సంక్రాంతి కార్యక్రమంలో దానికి అయిదు నిమిషాల స్లాట్ ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా మైకు ముందు అది బాగుండదు. అందుకే అది మన లెక్కలో సంస్కృతి కింద జమ కాదు. దాన్ని నా చేత వెతికించింది ఏ తెలుగు సంఘమూ కాదు, టెక్సాస్‌లో ఒక సర్కారు బడి. నాకు ఇది కాస్త సిగ్గుగానూ ఉంది, కాస్త సరదాగానూ ఉంది.

కాగితంలో గళ్ళు నింపాం. పాట పేరు రాశాం, భాష రాశాం. ఎప్పుడు పాడతారు అన్నచోట పిల్ల "బేబీ ఏడ్చినప్పుడు, దీపం వత్తులు చేసేటప్పుడు" అని రాసింది. ఎవరు కట్టారు అన్న గడిలో ఏం రాయాలో తేలలేదు. ఎవరూ తెలియదు అని రాయమన్నాను. తను ఒప్పుకోలేదు. మాటలకు గీత గీసి వదిలేసి, వరసకు మాత్రం మా అమ్మమ్మ ఊరి పేరు రాసి ఊరుకుంది. బడిలో యుకులేలీ మీద వాయించి, పల్లవీ ఒక చరణమూ పాడింది. "ళ" పలకదు గానీ ఈ చరణంలో ఆ అక్షరం లేదు, బతికిపోయాం.

చిన్నాడు ఇదంతా వింటూనే ఉన్నాడు. వాడికి కస్తూరి తెలియదు, కావేటి తెలియదు. ఆ వరస పట్టుకుని డైనోసార్ పాట కట్టాడు. టీరెక్స్‌కు ఆకలేసిందట, ఫ్రిజ్ తెరిచిందట, అందులో పెరుగన్నమే ఉందట. వాళ్ళక్క లబోదిబోమంది, ఇంత కష్టపడి పట్టుకున్న పాటను పాడుచేస్తున్నాడని. ఆదివారం ఫోన్‌లో దొడ్డమ్మ ముందు పంచాయితీ పెట్టింది. దొడ్డమ్మ వాణ్ణి మొత్తం పాడమంది. చివరిదాకా విని, "వరస కుదిరిందే తల్లీ. ఆ ఫ్రిజ్ దగ్గర ఒక అక్షరం తక్కువైంది, సాగదీసి పాడమను" అంది.